"రేపిద్దువుగాన్లే" అన్న మనిషిని ఇన్నేళ్లయినా ఎందుకు మరిచిపోలేకపోతున్నారు?

మీ ప్రశ్న మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. 2009లో మీ నాన్నగారిని శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కి తీసుకొచ్చారు. అప్పుడు మీరు ఇంటర్ చదువుతున్నారు. విశాఖలో తెలిసినవాళ్లెవరూ లేరు. ఒకరోజు పొద్దున, చేతిలో ఉన్నదంతా మందులకే అయిపోయాక, ఆసుపత్రి దగ్గరి వాలు రోడ్డు, కేజీహెచ్ డౌన్‌లో ఒక టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ ధర అడిగి వెనక్కి తిరిగారు. బండి ఆవిడ పిలిచి నాలుగు ఇడ్లీలు పెట్టి, "రేపిద్దువుగాన్లే, ముందు తిను నానా" అంది. మర్నాడే నాన్నగారిని డిశ్చార్జి చేయడంతో ఆ డబ్బులు ఇవ్వకుండానే ఊరెళ్లిపోయారు. ఇప్పుడు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం. నాన్నగారికి ఆపరేషన్ చేసిన డాక్టరు గారి పేరు కూడా గుర్తులేదు, ఆవిడ మొహం మాత్రం కళ్లకు కట్టినట్టుంది. ఇది ఎందుకిలా అని, ఇప్పుడు వెతుక్కుంటూ వెళితే బాగోదేమో అని, అసలు ఈ రోజుల్లో అలాంటి మనుషులున్నారా అని అడిగారు.

నేను విశాఖపట్నంలోనే ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో ముప్పై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. చివర్లో కొన్నేళ్లు రోగులకీ వాళ్ల తాలూకు మనుషులకీ కౌన్సెలింగ్ చేసే పని అప్పగించారు. కాబట్టి కళ్లారా చూసినదీ ఉంది, ఆ శిక్షణలో చదువుకున్నదీ కొంత ఉంది.

నాకు తెలిసినంతలో జవాబు ఇది. ఆవిడ మీకు కడుపు నింపడం ఒక ఎత్తు, మిమ్మల్ని చిన్నబుచ్చకుండా నింపడం ఇంకో ఎత్తు. ఇన్నేళ్లు మీతో ఉండిపోయింది ఆ రెండోదే.

ఆకలిని ఎలాగోలా ఓర్చుకుంటాం. మన దగ్గర డబ్బుల్లేవని పక్కవాడికి తెలిసిపోతే మాత్రం ఓర్చుకోలేం. పదిహేడేళ్ల వయసులో అయితే ప్రాణం పోయినంత పనవుతుంది. మీరు ధర అడిగి వెనుదిరగ్గానే ఆవిడకి సంగతి తెలిసిపోయింది. "డబ్బుల్లేవా? సర్లే, ఊరికే తిను" అని కూడా అనొచ్చు. అదీ మంచితనమే, తప్పేం లేదు. కానీ ఆవిడ దాన్ని అప్పు చేసింది. అప్పిచ్చారంటే తీర్చగలవాడని నమ్మినట్టే కదా. రేపు కూడా వస్తావు, నీ చేతిలో డబ్బులు ఆడతాయి, మీ నాన్నకి ఏమీ కాదు అన్న ధైర్యం కూడా ఆ మాటలోనే ఉంది. ఒక చేత్తో ఇడ్లీ రేకులు దించుతూ, చుట్టూ నలుగురు ప్లేట్ల కోసం చేతులు చాస్తుంటే ఆలోచించుకుని అన్న మాట కాదది. అలా అనడం ఆవిడకి అలవాటు, అంతే. మీకంటే ముందు ఎంతమందికి పెట్టిందో, తర్వాత ఎంతమందికి పెట్టిందో.

ఆ మాట అంత లోతుగా ఎందుకు దిగిందో తెలియాలంటే ఆసుపత్రిలో రోగి తాలూకు మనిషి బతుకు ఎలా ఉంటుందో చెప్పాలి. కేజీహెచ్ 1923 నుంచి ఉంది. ఉత్తరాంధ్రలో పెద్దాసుపత్రి అంటే అదే. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ఏజెన్సీ, అటు ఒడిశాలో కోరాపుట్, మల్కన్‌గిరి నుంచి కూడా వస్తారు. సొంత ఊళ్లో ఆయన పెద్దరైతు కావచ్చు, పదిమందికి తగవులు తీర్చేవాడు కావచ్చు. ఏ పెద్ద ఆసుపత్రిలోనైనా గేటు దాటి లోపలికొచ్చాక ఆయన "పద్నాలుగో బెడ్ తాలూకు" అయిపోతాడు. పక్కకి జరుగు, బయట నుంచో, చీటీ ఏది, జెరాక్స్ ఏది, రేపు రా. పొద్దున లేచింది మొదలు అందరూ ఏదో ఒకటి ఆజ్ఞాపించేవాళ్లే. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు, రద్దీ అలా ఉంటుంది. వరండాలో దుప్పటి పరుచుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్న ఆ మనిషికి నాలుగో రోజుకి తన మీద తనకే గౌరవం సన్నగిల్లిపోతుంది. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. డ్యూటీలో రోజూ చూసిన మొహాలు అవి. అప్పుడు ఎవరైనా మనిషిని మనిషిగా పలకరిస్తే, ఆ పలకరింపు ఊరికే పోదు.

జ్ఞాపకం పనిచేసే తీరు కూడా ఇందుకు తోడవుతుంది. భయం, దిగులు ఎక్కువగా ఉన్నప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ లాంటి హార్మోన్ల వల్ల ఆ సమయంలో జరిగినవి మెదడులో గట్టిగా నాటుకుంటాయి. అందుకే మామూలు రోజుల్లో తిన్న వందల టిఫిన్లు గుర్తుండవు, ఆ ఒక్క పొద్దుట తిన్న ఇడ్లీ గుర్తుంటుంది. పాపం డాక్టరు గారి పేరు గుర్తులేదని నొచ్చుకోకండి. ఆయన మీ నాన్నగారికి ప్రాణం పోశారు. ఆవిడ మాత్రం మీతో, మీ ఒక్కరితో మాట్లాడింది. వార్డులో కొడుకుని పలకరించే తీరిక ఎవరికుంటుంది?

కాన్పుల వార్డులో చూసిన ఒక సంగతి చెబుతాను. పాడేరు వైపు కొండ మీది ఊరి నుంచి ఒక అమ్మాయి మొదటి కాన్పుకి వచ్చింది. తెలుగు అంతంత మాత్రం. వెంట భర్త తప్ప ఆడదిక్కు లేదు. బిడ్డ పుట్టాక చుట్టడానికి గుడ్డలు కూడా తెచ్చుకోలేదు. పక్క బెడ్ మీద గాజువాక నుంచి వచ్చిన బాలింత. ఆమె తల్లి పాత నూలు చీరలు చింపి, ఉతికి, ఎండలో ఆరేసి, చక్కగా మడత పెట్టుకుని తెచ్చుకుంది. ఆవిడ ఒక మూట తీసి ఆ అమ్మాయి కాళ్ల దగ్గర పెట్టి, "ఎక్కువ తెచ్చీసాను, మళ్లీ మోసుకుని ఎళ్లలేను, నువ్వు వాడీమ్మా" అంది. అందులో అబద్ధం ఉందని వార్డులో అందరికీ తెలుసు. ఆ సాయంత్రానికే తన మనవడికి గుడ్డలు చాలక, చిన్నవి రెండు ఉతికి కిటికీ చువ్వలకి ఆరేస్తూ కనిపించింది. ఇచ్చినట్టు కాకుండా బరువు దించుకున్నట్టు నటించింది. తీసుకున్న పిల్ల తల వంచుకోవాల్సిన పని లేకుండా పోయింది.

కొన్నేళ్లకి ఆ అమ్మాయే రెండో కాన్పుకి వచ్చింది. సంచిలో పాత చీర ముక్కలు రెండు మూటలు, శుభ్రంగా ఉతికి తెచ్చుకుంది. ఇన్నెందుకే అంటే, ఒకటి తనకట, రెండోది గుడ్డలు లేకుండా ఎవరైనా వస్తే ఇవ్వడానికట. ఆ గాజువాక ఆవిడకి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి. నేను చేసిన వార్డుల్లోకి పుట్టినరోజులకీ వర్ధంతులకీ పళ్లూ రొట్టెలూ పంచడానికి కొందరు వచ్చేవారు. మంచి ఉద్దేశంతోనే వచ్చేవారు. కానీ ఒక్కో బెడ్ దగ్గర ఆగి, రోగి చేతిలో యాపిల్ పెట్టి, ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టేవారు. ఒకసారి ఒక పెద్దావిడ ఫోటో అనగానే గోడవైపు తిరిగి పడుకుని, వాళ్లు వెళ్లేదాకా ఇటు తిరగలేదు. పళ్లు మంచివే, ఖరీదైనవే. ఆ రోజంతా అవి స్టూలు మీదే ఉండిపోయాయి. సాయం చేసేటప్పుడు ఫోటో తీయకండని ఎవరు అడిగినా చెబుతూనే ఉంటాను. తీసుకునేవాళ్లకి అది ఎంత కష్టంగా ఉంటుందో దగ్గరుండి చూసినదాన్ని.

ఇక చేసినవాళ్ల సంగతి. అంత పెద్ద మేలు చేశామని వాళ్లకి తెలియదు. దీని మీద పరిశోధన ఉంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు షికాగోలో చలికాలం మంచు మీద స్కేటింగ్ చేసే చోట కొందరికి ఒక్కో కప్పు హాట్ చాక్లెట్ ఇచ్చి, అక్కడున్న ఎవరో తెలియని మనిషికి దాన్ని ఇవ్వమన్నారు. తీసుకున్నవాళ్లకి ఎంత ఆనందం కలుగుతుందనుకుంటున్నారో ముందు ఇచ్చేవాళ్లని అడిగారు, తర్వాత తీసుకున్నవాళ్లని అడిగారు. ఇచ్చినవాళ్లు ఊహించిన దానికంటే తీసుకున్నవాళ్ల సంతోషం ఎక్కువగా తేలింది. ఇచ్చేవాడి లెక్క వస్తువు విలువ దగ్గర ఆగిపోతుంది, అందుకునేవాడికి దాని వెనకున్న ఆప్యాయత కూడా అందుతుంది అని వాళ్లు వివరించారు. 2022లో వెలువడిన ఆ పరిశోధనలోనే ఇంకోటి కూడా ఉంది. ఇలా ఎవరి మంచితనాన్నైనా పొందినవాళ్లు, ఆ తర్వాత ముక్కూమొహం తెలియని వేరొకరికి డబ్బు పంచాల్సి వచ్చినప్పుడు మామూలు కంటే ఎక్కువ ఇచ్చారు. పాడేరు అమ్మాయి రెండో మూట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

కౌన్సెలింగ్ శిక్షణలో నన్ను అన్నిటికంటే కదిలించింది జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు చేసిన పని. శాన్ ఫ్రాన్సిస్కోలో 1969 నుంచి కొన్నేళ్లపాటు, తీవ్రమైన డిప్రెషన్‌తోనో ఆత్మహత్యా ప్రయత్నం తర్వాతో ఆసుపత్రిలో చేరి, డిశ్చార్జి అయ్యాక చికిత్స కొనసాగించని 843 మందిని ఆయన బృందం రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకి అప్పుడప్పుడూ చిన్న ఉత్తరం వెళ్లేది. నాలుగు ముక్కలే. మీరు వెళ్లి కొంతకాలమైంది, బాగున్నారని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, సంతోషిస్తాం అని. మందులు వేసుకుంటున్నారా అని నిలదీయడం లేదు, రమ్మని ఒత్తిడి లేదు. ఉత్తరాలు అందుకున్న గుంపులో, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, ఆత్మహత్యలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. మోటోకి ఈ ఆలోచన రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉన్నప్పటి అనుభవం నుంచి వచ్చిందట. పెద్దగా పరిచయం లేని ఒక అమ్మాయి తనకి ఉత్తరాలు రాస్తూ ఉండేదట. ఆమె తోచుబాటుకి రాసిందో, జాలిపడి రాసిందో గానీ, పాతికేళ్ల తర్వాత ఆ ఉత్తరాలు ఎక్కడికి చేరాయో చూడండి.

ఇది చదివాక నేను ఒక పని మొదలుపెట్టాను. డిశ్చార్జి అయి వెళ్లినవాళ్లలో ఇంట్లో పట్టించుకునే దిక్కులేనివాళ్లకి పండగలకి ఫోన్ చేసి "ఏం వండుకున్నారు?" అని అడిగేదాన్ని. ఆరోగ్యం మాట ఎత్తేదాన్ని కాదు. వాళ్లే చెప్పేవారు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, ఈ రోజుల్లో అలాంటివాళ్లు ఉన్నారా అని. విశాఖలో ఉండి ఆ మాట నేను ఒప్పుకోలేను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు గంటకి 180 కిలోమీటర్ల వేగంతో గాలి ఈ ఊరిని ఊపేసింది. చెట్లన్నీ నేలమట్టం, కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. పాలప్యాకెట్టుకి, మంచినీళ్ల క్యానుకి ఇష్టమొచ్చినంత చెప్పినవాళ్లు ఉన్నారు, నిజమే. మా వీధిలో వ్యాను నడిపే కుర్రాడొకడు ఏం చేశాడో చెబుతాను. రూళ్ల నోట్‌బుక్ ఒకటి పట్టుకుని ఇంటింటికీ తిరిగి, బయట ఊళ్లలో ఉన్న పిల్లల నంబర్లు రాసుకున్నాడు. సిగ్నల్ దొరికినంత దూరం వెళ్లి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, "మీ అమ్మగారు బాగున్నారండీ, వంటింటి రేకులు ఎగిరిపోయాయి గానీ మనిషికేం కాలేదు" అని చెప్పాడు. చెన్నైలో ఉన్న మా అమ్మాయికీ ఆ ఫోన్ వెళ్లింది. ఇప్పటికీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి ఎలా ఉన్నాడని అడుగుతుంది, వాళ్ల పిల్లకి ఏదో ఒకటి తెస్తుంది. వాడిని అడిగితే "చేశానా పిన్నీ? ఆ గోలలో ఏం గుర్తుంది" అంటాడు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివార్లలోని వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకైనప్పుడు, తమకీ ప్రమాదమని తెలిసీ తలుపులు బద్దలుకొట్టి, స్పృహ తప్పినవాళ్లని భుజాన వేసుకుని బయటికి తెచ్చినవాళ్లలో పోలీసులున్నారు, పక్క వీధుల కుర్రాళ్లున్నారు. ఇవి ఆపద వేళలు. మామూలు వేళల్లో చూడాలంటే ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ దారిలో నిలబడండి. ముప్పై రెండు కిలోమీటర్లు. తొలిపావంచా నుంచి మొదలుపెట్టి హనుమంతవాక, ఎంవీపీ, కంచరపాలెం, ఎన్‌ఏడీ మీదుగా లక్షలమంది నడుస్తారు. దారి పొడుగునా ఇళ్లవాళ్లే బల్లలు వేసుకుని మజ్జిగ, పులిహోర ఇస్తారు. ముసలివాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్లకి బామ్ రాస్తారు. అర్ధరాత్రి వేళ మీ పాదాలు పట్టుకున్న ఆ ఇల్లాలు ఎవరో మీకు తెలియదు, ఆమెకీ మీరెవరో తెలియదు.

జనంలో మంచితనం తగ్గిందని నేను అనుకోను. కొన్నిచోట్ల భయం మాత్రం పెరిగింది. రోడ్డు ప్రమాదం చూసి ఆగనివాళ్లలో చాలామందికి పోలీసు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న టెన్షనే కారణం. ఈ విషయంలో చట్టం మీ వైపే ఉంది, పదిమందికీ చెప్పండి. సాయం చేసినవాళ్లని కాపాడే మార్గదర్శకాలకి 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో బాధితుడిని ఆసుపత్రికి చేర్చినవాళ్ల మీద కేసు పెట్టడానికి లేదు. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతం చేయకూడదు. చేర్చిపెట్టి వెళ్లిపోవచ్చు. 108 రాకముందు, 2005కి పూర్వం, క్యాజువాలిటీకి వచ్చే కేసుల్లో చాలావరకు ఆటోవాళ్లు తెచ్చినవే. సీటు నిండా రక్తం అంటుకుంటే పక్కనున్న కుళాయి దగ్గర కడుక్కుని, కిరాయి మాట ఎత్తకుండా వెళ్లిపోయేవారు. వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఆ ఇడ్లీ బండి ఆవిడని వెతకమంటారా అంటే, వెతకండి. ఆలస్యం చేయకండి. బాగోదేమో అన్న మొహమాటం మీ ఒక్కరిదే కాదు. పైన చెప్పిన కుమార్, ఎప్లీ ఇద్దరే 2018లో ఇంకో పరిశోధన వెలువరించారు. తమకి మేలు చేసినవాళ్లకి కృతజ్ఞత చెబుతూ ఉత్తరం రాయమని కొందరికి చెప్పారు. చదివేవాళ్లు ఇబ్బంది పడతారేమో అని రాసినవాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే ఇబ్బంది వాళ్లు అనుకున్నదానికంటే తక్కువ, సంతోషం ఎక్కువ.

వెళ్లేటప్పుడు నాదో సలహా. కవర్లో పెద్ద మొత్తం పెట్టి ఇవ్వకండి. ఆవిడ నలుగురి ముందు మీకు ఇడ్లీలు అప్పుగా పెట్టింది, మీరు నలుగురి ముందు దానం చేసినట్టు అవుతుంది. పొద్దున్నే వెళ్లి బండి దగ్గర నిలబడి టిఫిన్ చేయండి. రద్దీ తగ్గాక, ఫలానా సంవత్సరం మీకు నాలుగు ఇడ్లీల బాకీ ఉన్నాను అని చెప్పి ఆ డబ్బులు విడిగా ఇవ్వండి. ఆవిడకి మీరు గుర్తుండకపోవచ్చు, అందుకు బాధపడకండి. నాన్నగారు ఉన్నారు కదా, వీలైతే వెంట తీసుకెళ్లండి. ఆయన నడిచి రావడం చూస్తే ఆవిడకి మిగతాదంతా చెప్పక్కర్లేదు. ఇంకా ఏమైనా చేయాలనిపిస్తే పిల్లల చదువో, బండి మరమ్మతో, ఏం అవసరమో కనుక్కుని తర్వాత నెమ్మదిగా చేయొచ్చు.

ఒకవేళ దొరక్కపోతే, సెలవు మీద వచ్చినప్పుడు ఒక పూట ఆసుపత్రి ఓపీ దగ్గర నిలబడండి. ఏ గది ఎటో తెలియక చీటీ పట్టుకుని తిరిగేవాళ్లు గంటకి పదిమంది కనిపిస్తారు. చదివి చెప్పి, గది దాకా తోడెళితే చాలు. ఒడియా వస్తే మరీ మేలు. రక్తం ఇవ్వగలిగితే బ్లడ్ బ్యాంకులో ఇచ్చి వెళ్లండి, ఎండాకాలం కాలేజీలకి సెలవులిచ్చాక దాతలు తగ్గిపోతారు.

ఆవిడ బండి ఏ మూల ఉండేదో, మెట్ల వైపా, మందుల షాపుల వైపా, ఇడ్లీతో పాటు ఇంకేం అమ్మేదో గుర్తుంటే ఇక్కడే రాయండి. ఆ రోజుల్లో డౌన్‌లో బండ్లు పెట్టినవాళ్ల పిల్లలు కొందరు ఇప్పటికీ అక్కడే వ్యాపారం చేసుకుంటున్నారు, నాకు మొహం తెలిసినవాళ్లే. ఈ వారంలో అటు వెళ్లే పని ఉంది, నేనూ అడిగి చూస్తాను.